సోలార్ పెరుగుతోంది కదా, కరెంటు ఫ్యూచర్స్ షార్ట్ చేసి కూర్చోవచ్చా?

ప్రశ్న: ఎంసీఎక్స్ కమోడిటీ ఎక్స్ఛేంజ్‌లో క్రూడ్, సిల్వర్ చేస్తుంటాను. దేశంలో సోలార్ బాగా పెరిగిపోయి మధ్యాహ్నం కరెంటు ధర సున్నాకు కూడా వస్తోందని చదివాను. అలాంటప్పుడు ఎలక్ట్రిసిటీ ఫ్యూచర్స్ ఎప్పటికైనా కిందికే రావాలి కదా? షార్ట్ చేసి నెలనెలా రోల్ చేసుకుంటూ పోతే తప్పేంటి? ఇంకో సంగతి, మా బావగారికి అనంతపురం వైపు 5 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఉంది. ఎక్స్ఛేంజ్‌లో అమ్ముకుంటారు. ఆయన ఈ ఫ్యూచర్స్‌తో రేటు ఫిక్స్ చేసుకోవచ్చా?

జవాబు: ముందు మీ సంగతి. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట: ఫ్యూచర్స్ అంటే రాబోయే నెల ధర మీద ఇప్పుడే కుదుర్చుకునే ఒప్పందం, షార్ట్ అంటే ధర పడుతుందని ముందే అమ్మడం, రోల్ అంటే నెల ముగిసేలోపు దాన్ని తర్వాతి నెలకు మార్చుకోవడం. సోలార్ తగ్గించేది పగటి ధరను. మీరు ఫ్యూచర్స్‌లో అమ్మేది నెల మొత్తం, రాత్రీ పగలూ కలిపిన సగటును. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోనే అసలు కథంతా ఉంది. మీ బావగారి ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది కానీ దానికి లెక్క వేసి చూపించాలి, చివర్లో చూద్దాం. పవర్ ట్రేడింగ్ డెస్కులో పొద్దున బిడ్‌లు, మధ్యాహ్నం ఫలితాలు చూసుకుంటూ బతికేవాణ్ణి కాబట్టి కాస్త పొడవుగానే రాస్తాను, ఓపిక పట్టండి.

మన దేశంలో ఈ కాంట్రాక్టులు కొత్తవి. కరెంటు ఫ్యూచర్స్ ఎవరి పరిధిలోకి వస్తాయన్న విషయంలో షేర్ మార్కెట్‌ను చూసే సెబీకీ, కరెంటు రంగాన్ని నియంత్రించే సీఈఆర్‌సీకీ మధ్య ఏళ్ల తరబడి తగువు నడిచింది. అది 2021 అక్టోబరులో సుప్రీంకోర్టులో తేలింది: కరెంటు నిజంగా డెలివరీ అయ్యే ఒప్పందాలు సీఈఆర్‌సీ కిందికి, డబ్బు లెక్కతో తీరిపోయే డెరివేటివ్స్ సెబీ కిందికి. ఆ తర్వాత ఎంసీఎక్స్‌లో 2025 జూలై 10న, ఎన్ఎస్ఈలో ఆ తర్వాత కొద్ది రోజులకే ట్రేడింగ్ మొదలైంది. ఒక లాటు 50 మెగావాట్ అవర్లు, అంటే 50,000 యూనిట్లు. యూనిట్ ధర 10 పైసలు కదిలితే లాటుకు 5,000 రూపాయలు. డెలివరీ ఉండదు. కరెంటును నిజంగా కొని అమ్మే స్పాట్ ఎక్స్ఛేంజ్‌లో, రేపటి కరెంటుకు ఈ రోజే వేలం జరిగే డే అహెడ్ మార్కెట్లో ఆ నెల పలికిన ధరల సగటును బట్టి చివరి లెక్క తేలుతుంది. ఆ సగటు కట్టే పద్ధతిని కాంట్రాక్టు స్పెసిఫికేషన్‌లో ఒకటికి రెండుసార్లు చదవండి. ఎంత కరెంటు అమ్ముడైతే ఆ గంటకు అంత బరువు ఇచ్చే సగటు అయితే, అమ్మకానికి కరెంటు ఎక్కువగా వచ్చే మధ్యాహ్నపు గంటల బరువు పెరిగి సగటు కిందికి లాగుతుంది. అన్ని గంటలకూ సమాన బరువు ఇస్తే సాయంత్రం మాట ఎక్కువగా చెల్లుతుంది. సోలార్ పెరిగేకొద్దీ ఈ రెండు సగటుల మధ్య దూరం కూడా పెరుగుతుంది.

ఇప్పుడు ఎండాకాలంలో ఒక మామూలు రోజు ధరల షీటు తెరవండి. రోజుకు పదిహేను నిమిషాల బ్లాకులు 96 ఉంటాయి. తెల్లవారుజామున నాలుగైదు రూపాయలు. ఎనిమిది దాటాక జారడం మొదలు. పదకొండు నుంచి రెండు దాకా రెండు మూడు రూపాయలు, చల్లబడిన రోజైతే ఇంకా కింద. నాలుగున్నర, ఐదు నుంచి ఎక్కడం మొదలవుతుంది. ఏడు దాటేసరికి పది రూపాయలు, అర్ధరాత్రి దాకా అక్కడే. ఆ పది రూపాయలు ఎవరో వేసిన బిడ్ కాదు, సీఈఆర్‌సీ పెట్టిన సీలింగ్. 2022 ఏప్రిల్‌లో 12 రూపాయలుగా పెట్టి, 2023 ఏప్రిల్‌లో పదికి తగ్గించారు. ఈ షీటును ఒకటి రెండు నెలలు రోజూ చూశారంటే, కరెంటుకు "ధర" అని ఒకటి ఉంటుందన్న నమ్మకం పోతుంది. మధ్యాహ్నం కరెంటు ఒక సరుకు, సాయంత్రం కరెంటు ఇంకో సరుకు.

పగలు ధర పడిపోవడానికి కారణం సోలార్‌కు ఇంధన ఖర్చు లేకపోవడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. థర్మల్ ప్లాంట్లకూ అందులో వాటా ఉంది. బొగ్గు యూనిట్‌ను మధ్యాహ్నం ఆపేసి సాయంత్రం మళ్లీ వెలిగించడం కుదరదు. సాయంత్రం కావాలంటే మధ్యాహ్నం కూడా కనీసం 55 శాతం లోడ్ మీద నడుస్తూనే ఉండాలి. ఆ కరెంటు ఎక్కడికో పోవాలి కాబట్టి వాళ్లు దాన్ని అడ్డికి పావుశేరుగా అమ్ముతారు. మధ్యాహ్నం పోయిన డబ్బు సాయంత్రం బిడ్‌లో కలిపి రాబట్టుకుంటారు. ఆ లెక్కన మధ్యాహ్నం ధరను దించిన సోలారే సాయంత్రం ధరను కొంత ఎత్తుతుంది కూడా. సగటులో ఈ రెండూ ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి. అందుకే పేపర్లో "సున్నా ధర" అని హెడ్డింగ్ వచ్చిన నెలలో కూడా నెల సగటు మీరు ఊహించినంతగా పడదు.

మీరు చదివిన ఆ సున్నా వార్త 2025 మే చివరిది అయ్యుంటుంది. అప్పటికప్పుడు కొని అమ్మే రియల్ టైమ్ మార్కెట్లో కొన్ని బ్లాకుల్లో ధర సున్నాకు వచ్చిన మాట నిజమే. కానీ ఆ రోజు ఎలాంటిదో కూడా చూడాలి. మే 25, ఆదివారం, ఫ్యాక్టరీల లోడ్ తక్కువ. అంతకు ముందు రోజే, 24న, రుతుపవనాలు కేరళను తాకాయి. 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే. దేశంలో చాలాచోట్ల వానలు, ఏసీలు ఆగిపోయాయి. సోలార్ కెపాసిటీ అప్పటికే 100 గిగావాట్లు దాటి ఉంది. ఇవన్నీ ఒక్క రోజు మీద పడ్డాయి. సోలార్ ఒక్కటే చేసిన పని అయితే మార్చిలోనే, మండుటెండలో, చేసి ఉండాలి.

ఇక్కడే షార్ట్ చేసేవాళ్లు జారిపడేది. వెనక్కి వెళ్లి 2022 ఏప్రిల్ చూడండి. దేశంలో సోలార్ అప్పటికే 50 గిగావాట్లు దాటింది. అయినా ఎండలు ముందే ముదిరి, బొగ్గు నిల్వలు అడుగంటి, ఆ నెల డే అహెడ్ సగటే పది రూపాయలకు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎక్స్ఛేంజ్‌లో కొందామన్నా కరెంటు దొరక్క పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు, గుర్తుండే ఉంటుంది. మళ్లీ 2023 ఆగస్టు. 1901 నుంచి లెక్కలు ఉన్నంతలో అంత తక్కువ వాన పడిన ఆగస్టు ఇంకోటి లేదు. పొలాల్లో మోటార్లు ఆగలేదు, రిజర్వాయర్లు నిండలేదు. నెల సగటు ఆరు రూపాయలు దాటింది. ఫ్యూచర్స్ అప్పుడు లేవు కానీ, ఉండి ఉంటే నాలుగు రూపాయల దగ్గర షార్ట్ చేసినవాడు ఒక్కో లాటు మీద లక్ష రూపాయలకు పైగా కట్టుకోవాల్సి వచ్చేది. చిన్న చిన్న లాభాలు పది నెలలు, పెద్ద దెబ్బ రెండు నెలలు. షార్ట్ పొజిషన్ స్వభావం ఇక్కడ ఇదే.

క్రూడ్, సిల్వర్ అలవాటుతో వచ్చేవాళ్లు ఇంకో విషయం మర్చిపోతారు. వెండి ఈ రోజు కొని లాకర్లో పెట్టి మూడు నెలల తర్వాత ఇవ్వొచ్చు. అందుకే దాని ఫ్యూచర్స్ ధరను స్పాట్ ధర, వడ్డీ, నిల్వ ఖర్చు అనే తాడు కట్టి ఉంచుతుంది. కరెంటుకు ఆ తాడు లేదు. ఈ జూన్‌లో స్పాట్ ధర ఎంతన్నది అక్టోబరు కాంట్రాక్టుకు పెద్దగా చెప్పేది ఏమీ ఉండదు. అక్టోబరు ధర అంటే, అక్టోబరు ఎలా ఉండబోతోందో జనం అనుకుంటున్న అంచనా, దాని మీద రిస్కుకు వేసుకునే ప్రీమియం. అంతే.

ఆ ప్రీమియం ఎందుకు ఉంటుందో, రెన్యూవబుల్స్ పెరిగితే అది ఎటు పోతుందో చూడాలి. ఏ ఫ్యూచర్స్ మార్కెట్లోనైనా సహజంగా అమ్మేవాడు ఒకడు ఉండాలి. ఒకప్పుడు ఆ పాత్ర థర్మల్ ప్లాంటుది. నెలంతా 24 గంటలూ ఒకే లోడ్ మీద నడుస్తుంది, ఖర్చు తెలుసు, ముందే అమ్మేసి నిద్రపోవచ్చు. ఇప్పుడు అదే ప్లాంటుకు ఏ గంట నడుస్తుందో, ఏ గంట 55 శాతానికి దిగాలో తెలియదు. 24 గంటల సరుకు ముందే అమ్మడానికి జంకుతుంది. మరి కొత్తగా వచ్చిన సోలార్, విండ్ వాళ్లు? వాళ్లలో ఎక్కువమందికి 25 ఏళ్ల పీపీఏలు (కరెంటు కొనుగోలు ఒప్పందాలు) ఉన్నాయి, యూనిట్‌కు ఇంత అని ఫిక్స్. వాళ్లకు ఫ్యూచర్స్ అవసరమే లేదు. మన దేశంలో తయారయ్యే కరెంటులో వందకు పది యూనిట్లు కూడా ఎక్స్ఛేంజ్‌లకు రావు, మిగతాదాంట్లో చాలా భాగం ఇలాంటి దీర్ఘకాల ఒప్పందాల్లోనే ఉంటుంది. అంటే కెపాసిటీ పెరుగుతున్నా ఫ్యూచర్స్‌లో సహజంగా అమ్మేవాళ్లు పెరగడం లేదు. అటు కొనేవాళ్లు కరెంటు పంపిణీ చేసే డిస్కంలు. అవి ఎక్కువగా ప్రభుత్వ సంస్థలు. హెడ్జ్ మీద, అంటే ధర రిస్కు తప్పించుకోవడానికి పెట్టిన పొజిషన్ మీద, నష్టం వస్తే రేపు ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలన్న టెన్షన్ వాళ్లది. మధ్యలో మిగిలింది మనలాంటి ట్రేడర్లు. ఇలాంటి మార్కెట్లో ఎండాకాలం కాంట్రాక్టులను ప్రీమియం అడగకుండా అమ్మేవాడు దొరకడు. కాబట్టి సోలార్ సగటు ధరను పది పైసలు దించినా, రిస్కు ప్రీమియం పదిహేను పైసలు పెరిగితే ఫ్యూచర్స్ ధర ఎక్కడమే జరుగుతుంది.

యూరప్‌లో ఇది ముందే జరిగింది, అందుకే జర్మనీని చూడటం లాభం. అక్కడ ధర సున్నా దగ్గర ఆగదు, మైనస్‌లోకి పోతుంది. 2023లో 301 గంటలు, 2024లో 457 గంటలు మైనస్‌లో ఉంది. అదే 2024లో డిసెంబరు 12 సాయంత్రం గాలి లేక, ఎండ లేక ఒక గంటకు మెగావాట్ అవర్ ధర 936 యూరోలకు ఎక్కింది. ఒకే సంవత్సరం, ఒకే గ్రిడ్. అక్కడి ఫ్యూచర్స్‌లో బేస్ అని, పీక్ అని రెండు రకాలు ఉంటాయి. బేస్ అంటే 24 గంటలదీ, పీక్ అంటే పనిదినాల్లో ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. పాతకాలంలో పీక్ ఎప్పుడూ బేస్ కన్నా ఖరీదు. సోలార్ వచ్చాక వేసవి నెలల పీక్ కాంట్రాక్టు బేస్ కన్నా చవగ్గా ట్రేడ్ అవ్వడం మొదలైంది. పేరు పీక్, ధర చూస్తే రోజులో అన్నిటికన్నా తక్కువ. పేర్లు పెట్టినప్పటి గ్రిడ్ వేరు, ఇప్పటి గ్రిడ్ వేరు. ఆస్ట్రేలియాలో మామూలు ఫ్యూచర్స్‌తో పాటు, ధర 300 డాలర్లు దాటిన గంటలకు మాత్రమే చెల్లించే క్యాప్ కాంట్రాక్టులు ఎప్పట్నుంచో ఉన్నాయి. నా లెక్కలో మనకు కావాల్సింది అలాంటిదే: సాయంత్రం గంటలకు విడిగా ఒక కాంట్రాక్టు, పగటి గంటలకు విడిగా ఒకటి. బేస్ ఒక్కదానితో మొదలుపెట్టడం లిక్విడిటీ (కొని అమ్మేవాళ్లు సరిపడా ఉండటం) కోసం అర్థం చేసుకోదగ్గదే కానీ, రిస్కు ఉన్న చోట కాంట్రాక్టు లేదు, కాంట్రాక్టు ఉన్న చోట రిస్కు సగమే ఉంది.

మన దగ్గర పైన పది రూపాయల గోడ, కింద సున్నా గోడ. జర్మనీలో 936 యూరోలుగా కనిపించే కొరత మన దగ్గర ధరలో కనిపించదు. సీలింగ్ దగ్గర ఎంత అడిగితే ఎంత దొరికింది అన్న అంకెలో కనిపిస్తుంది. వెయ్యి మెగావాట్లకు బిడ్ వేసి మూడు వందలు తెచ్చుకున్న రోజు డిస్కంకు చుక్కలు కనిపిస్తాయి, ధర మాత్రం అదే పది రూపాయలు. ఫ్యూచర్స్ చేసేవాళ్లు ధరతో పాటు కొనుగోలు బిడ్‌లు, క్లియర్ అయిన వాల్యూమ్ కూడా చూడాలి. బిడ్‌లు వాల్యూమ్‌కు రెండింతలు ఉంటే, నెలలో ఇంకెన్ని బ్లాకులు సీలింగ్ తాకుతాయో ఊహించడం తేలిక.

విండ్ గురించి రెండు మాటలు. అందరూ రెన్యూవబుల్స్ అంటే సోలార్ అనే మాట్లాడతారు కానీ, ఫ్యూచర్స్ సగటును ఎక్కువగా కదిలించేది గాలే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అనంతపురం, కడప కొండల మీద, తమిళనాడులో, గుజరాత్‌లో మిల్లులు సాయంత్రం, రాత్రి కూడా తిరుగుతాయి. సరిగ్గా సోలార్ లేని గంటలకు. అందుకే మంచి గాలి ఉన్న జూలైలో సగటు మెత్తబడుతుంది. అక్టోబరుకు గాలి తగ్గి, ఉక్కపోత మిగిలి, రబీ మోటార్లు మొదలయ్యే వేళకు మళ్లీ బిగుస్తుంది. ఈ రోజు మబ్బు పట్టిందా లేదా అన్నది నెల కాంట్రాక్టుకు పెద్ద లెక్క కాదు, ముప్పై రోజుల సగటులో కలిసిపోతుంది. రుతుపవనాలు వారం ముందొస్తాయా వెనకొస్తాయా అన్నది లెక్క. నెల సగం గడిచాక సగం ధర ఖాయమైపోయినట్టే, కాంట్రాక్టు కదలికలు రోజురోజుకీ చిన్నవవుతాయి. ఇరవై ఐదో తారీఖున వచ్చిన సున్నా ధర వార్త చూసి ఆ నెల కాంట్రాక్టు అమ్మేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

బ్యాటరీలు వస్తే ఏమవుతుంది అని మీరు అడగలేదు కానీ, దూరపు నెలల్లో పొజిషన్ పెట్టాలనుకుంటే అడగాల్సింది అదే. 2022లో బ్యాటరీ స్టోరేజ్ టెండర్‌లో మెగావాటుకు నెలకు దాదాపు 10.8 లక్షలు పలికింది. 2025 టెండర్లలో కేంద్రం ఇచ్చే సాయంతో కలిపి చూస్తే అది రెండు లక్షల చిల్లరకు దిగింది. బ్యాటరీ చేసేది ఒక్కటే పని, మధ్యాహ్నం కొని సాయంత్రం అమ్మడం. శ్రీశైలం ఎడమగట్టు రివర్సిబుల్ యూనిట్లు, ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ చేసే పని కూడా అదే, నీళ్లు పైకి తోడి తర్వాత కిందికి వదిలి. ఇవి పెరిగితే మధ్యాహ్నం ధర లేస్తుంది, సాయంత్రం ధర దిగుతుంది. సగటు పెద్దగా కదలకపోవచ్చు, రోజు ఆకారం మాత్రం చదునవుతుంది. షార్ట్ చేసేవాడికి దీనివల్ల పెద్ద దెబ్బ వచ్చే అవకాశం తగ్గుతుంది. నాలుగైదేళ్ల తర్వాత అయితే మీ ఐడియాకు ఇప్పటికన్నా బలం ఉండొచ్చు.

ఇక మీ బావగారు. ఎండాకాలంలో మదనపల్లె మార్కెట్‌కు అందరి టమాటా ఒకే రోజు వస్తే బాక్స్ ధర ఏమవుతుందో ఆయనకు చెప్పక్కర్లేదు. సోలార్‌కు ప్రతి మధ్యాహ్నం అదే పరిస్థితి. ఆయన ప్లాంటు బాగా పండే గంటలోనే అందరి ప్లాంట్లూ పండుతాయి. కాబట్టి ఆయనకు చేతికొచ్చే ధర ఎప్పుడూ నెల సగటు కన్నా తక్కువే.

అంకెలతో చూద్దాం, ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే. 5 మెగావాట్ల ప్లాంటు నెలకు 7 లక్షల యూనిట్లు ఇస్తుంది అనుకోండి, అంటే 14 లాట్లు. 4.20 దగ్గర 14 లాట్లు అమ్మారు, "4.20 ఫిక్స్ అయింది" అనుకున్నారు. నెల సగటు సరిగ్గా 4.20కే ముగిసి, ఆయనకు పగటి గంటల్లో వచ్చిన ధర 2.60 అయితే ఫ్యూచర్స్‌లో లాభం లేదు, నష్టం లేదు. చేతికొచ్చింది 2.60. వానలు ముందొచ్చి సగటు 3.60కి, పగటి ధర 2.20కి పడితే ఫ్యూచర్స్‌లో 60 పైసలు కలిసొచ్చి 2.80 చేతికొస్తుంది. హెడ్జ్ పనిచేసింది. మూడో నెల చూడండి. సాయంత్రాలు ఉడికిపోయి రోజూ సీలింగ్ తాకింది, సగటు 4.80. పగలు మాత్రం ఎండ బాగా కాసి ధర 2.40. ఫ్యూచర్స్‌లో యూనిట్‌కు 60 పైసల నష్టం, 7 లక్షల యూనిట్ల మీద 4.2 లక్షలు. చివరికి చేతికొచ్చింది 1.80. హెడ్జ్ చేయకుండా కూర్చుంటే 2.40 వచ్చేది. ఎండ బాగా కాసిన నెల, ప్లాంటు బాగా నడిచిన నెల, అన్నిటికన్నా తక్కువ డబ్బు. పైగా మధ్యలో మార్జిన్ కాల్స్ (ధర ఎదురు తిరిగితే ఎక్స్ఛేంజ్ అడిగే డబ్బు) రోజూ నగదులో కట్టాలి, కరెంటు అమ్మిన డబ్బు ఎప్పుడొస్తుందో దానికి సంబంధం లేకుండా.

కాబట్టి ఆయన చేయాల్సిన మొదటి పని పొజిషన్ పెట్టడం కాదు. ప్లాంటు మీటర్ డేటా పదిహేను నిమిషాల బ్లాకుల వారీగా తీసి, ప్రతి బ్లాకు ఉత్పత్తిని ఆ బ్లాకు డే అహెడ్ ధరతో గుణించి, నెలనెలా తనకు నిజంగా వచ్చిన సగటు ధర ఎంతో ఎక్సెల్‌లో పక్కన పెట్టుకోవాలి. దాని పక్కన మార్కెట్ నెల సగటు. ఈ రెండింటి తేడా రెండు మూడేళ్ల పాటు నెలనెలా ఒకేలా, ఉదాహరణకు 1.40–1.60 మధ్యే ఉంటే ఫ్యూచర్స్ ఆయనకు పనికొస్తాయి, ఆ తేడా ముందే తీసేసి లెక్క వేసుకుంటే చాలు. తేడా ఎండాకాలంలో 2.50, వానాకాలంలో 80 పైసలు అంటూ ఊగుతుంటే, వానాకాలం నెలలకు సగం లాట్లు చూసుకోవచ్చు, మార్చి నుంచి మే దాకా ముట్టుకోకూడదు. నన్నడిగితే ఆ నెలల్లో ఫ్యూచర్స్ కన్నా పక్కనున్న ఏ కోల్డ్ స్టోరేజ్‌తోనో, గ్రానైట్ ఫ్యాక్టరీతోనో పగటి కరెంటుకు ఓపెన్ యాక్సెస్ ఒప్పందం (గ్రిడ్ లైన్ల మీదుగా నేరుగా వాళ్లకే అమ్మడం) మూడు రూపాయల చిల్లరకు దొరికినా ఆయనకు లాభమే. చార్జీలు, సర్‌చార్జీలు ఎవరు కడతారో మాత్రం ముందే రాయించుకోవాలి.

మీ విషయానికొస్తే, షార్ట్ చేయాలనే ఉంటే జూలై, ఆగస్టు కాంట్రాక్టులు, అదీ రుతుపవనాలు నిలదొక్కుకున్నాయని తేలాక, స్టాప్‌లాస్ పెట్టుకుని. ఏప్రిల్, మే, అక్టోబరు కాంట్రాక్టులు సోలార్ పేరు చెప్పి అమ్మకండి. ఆర్డర్ పెట్టే ముందు ఆ నెల ఓపెన్ ఇంటరెస్ట్ (ఇంకా తీరని కాంట్రాక్టుల సంఖ్య), బిడ్-ఆఫర్ మధ్య గ్యాప్ చూడండి. దూరపు నెలల్లో లోపలికి వెళ్లడం తేలికే, బయటికి రావాలంటే ఎదుటివాడు చెప్పిన ధరకే రావాల్సి ఉంటుంది.